కర్నూలు నవాబు గురించి ఎవరి మాట నమ్మాలి? పరిశోధనకు పనికొచ్చే ఆధారాలు వెతకడం, గుర్తుపట్టడం

1839 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీ సైన్యం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుంది. లెక్కకు మించి ఆయుధాలు దాచాడనీ, కంపెనీ మీద కుట్ర చేస్తున్నాడనీ ఆయన మీద ఆరోపణ. ఆయన్ను తిరుచిరాపల్లికి పంపించారు. 1840లో ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ చేతికి పోయింది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతే.

కంపెనీ కాగితాల్లో ఆయన కుట్రదారు. పెద్దల మాటల్లో, కొన్ని తెలుగు పుస్తకాల్లో తెల్లోళ్లకు తలవంచని యోధుడు. ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలోనైతే 1857 కంటే ముందే జెండా ఎత్తిన వీరుడు. ఎంఏ హిస్టరీ చదివే అమ్మాయో అబ్బాయో దీని మీద ప్రాజెక్టు రాద్దామని కూర్చుంటే మొదటి రోజే తల తిరుగుతుంది, ఎందుకంటే ప్రతి మాటకూ ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. గైడ్‌గారేమో ‘స్కాలర్లీ సోర్సులు పెట్టమ్మా, వికీపీడియా వద్దు’ అంటారు. ఆ స్కాలర్లీ సోర్సు అంటే ఏమిటో, కర్నూలులోనో కడపలోనో కూర్చుని దాన్ని ఎలా పట్టుకోవాలో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్లలకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అబ్బాను అడిగితే తెలియదు, అన్నయ్య ఇంటర్‌తో ఆపేశాడు, సీనియర్లు ‘ఆన్‌లైన్‌లో చూసి కొట్టెయ్’ అంటారు.

స్కాలర్లీ సోర్సు అంటే పరిశోధనా ఆధారం. రాసినవాళ్లెవరో తెలియాలి. వాళ్లు ఆ విషయంలో చదువుకుని పనిచేసినవాళ్లై ఉండాలి. ముఖ్యమైన ప్రతి మాటకూ అది ఎక్కడి నుంచి తెచ్చారో అడుగున చూపించాలి. అచ్చుకు పోయే ముందు అదే విషయం తెలిసిన వేరేవాళ్లు, రచయితతో మొహమాటం లేనివాళ్లు, చదివి తప్పులు పట్టి ఉండాలి. ఈ చివరిదాన్నే పీర్ రివ్యూ అంటారు. నాలుగూ ఉంటే అది పరిశోధనా ఆధారం. ఒకటో రెండో లేకపోతే అది పనికిరానిదని కాదు. దాన్ని వాడే పద్ధతి వేరు, అంతే.

హదీస్ చదువు తెలిసిన ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. ‘ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఆయనకు ఎవరు చెప్పారు’ అని గొలుసు మొత్తం చూసే పద్ధతినే ఇస్నాద్ అంటారు. ఆ గొలుసులో ఒక్కో మనిషి ఎలాంటివాడు, జ్ఞాపకం గట్టిదా, ఇద్దరూ నిజంగా ఒకే కాలంలో బతికి కలుసుకున్నారా అని విచారించడం కోసమే అస్మావుర్రిజాల్ అనే శాస్త్రం పుట్టింది. ఇమామ్ బుఖారీ 870లో వఫాత్ అయ్యారు. అంటే ఈ విచారణ అలవాటు ఎంత పాతదో చూడండి. అయితే పోలిక ఇంతవరకే. యూనివర్సిటీ జర్నల్‌లో వచ్చిన మాటకు ఏ పవిత్రతా లేదు. ఈరోజు అచ్చైంది రేపు తప్పని తేలొచ్చు, తేలాలి కూడా.

నవాబు సంగతినే పట్టుకుని నడుద్దాం

గులాం రసూల్ ఖాన్ గురించి వెతికేవాళ్లకు ముందుగా తగిలే పాత పుస్తకం 1886లో మద్రాసులో అచ్చైన కర్నూలు జిల్లా మాన్యువల్. రాసింది నరహరి గోపాలకృష్ణమ చెట్టి. కడపకు ఇలాంటిదే 1875లో గ్రిబుల్ రాశాడు, ఆ తర్వాత 1915లో బ్రాకెన్‌బరీ గెజిటీర్ వచ్చింది. మూడూ స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన ప్రాంతం మీద ఏ చిన్న వ్యాసం రాసినా వీటిని తప్పించుకోలేరు. పంటలు, చెరువులు, కరువులు, పాలకుల వంశాలు అన్నీ ఉంటాయి.

మరి ఇవి స్కాలర్లీ సోర్సులేనా? కాదు. ఇవి సర్కారు తన పాలన కోసం రాయించుకున్న పుస్తకాలు. ఎవరూ పీర్ రివ్యూ చేయలేదు. నవాబు పోయిన 46 ఏళ్లకు కర్నూలు మాన్యువల్ వచ్చింది, అదీ ఆయన్ను దింపినవాళ్ల సర్కారు అచ్చులోనే. కాబట్టి ‘1886 నాటి సర్కారు ఈ సంగతిని ఇలా చెప్పుకుంది’ అనడానికి అది గట్టి సాక్ష్యం. ‘నవాబు మనసులో ఇది ఉంది’ అనడానికి మాత్రం చాలదు. పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కువ మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. మాన్యువల్‌లోని వాక్యాన్ని నేరుగా నిజం కింద దించేస్తారు.

దానికంటే వెనక్కి పోతే మూల ఆధారాలు, అంటే ఆ రోజుల్లోనే రాసిన ఉత్తరాలు, నివేదికలు, విచారణ కాగితాలు. కర్నూలు, కడప 1953 దాకా మద్రాసు కింద ఉన్నాయి కాబట్టి కంపెనీ కాలపు రికార్డులు ఎక్కువగా చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కంపెనీ లండన్‌కు పంపుకున్న కాగితాలు అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ పేరుతో ఉన్నాయి. నిజాం వైపు సంగతి, పారసీ కాగితాలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలి. మూల ఆధారం అనగానే అది నిజమని అర్థం కాదు. 1839లో ఉత్తరం రాసిన అధికారికి తన పైవాళ్లను ఒప్పించాల్సిన అవసరం ఉంది. భయమూ ఉంది. అతని ఉత్తరం అతని భయానికి మొదటి సాక్ష్యం, నవాబు కుట్రకు రెండో సాక్ష్యం.

సరిగ్గా ఈ ముడిని విప్పడానికి ప్రయత్నించిన పుస్తకం ఒకటుంది. చంద్ర మల్లంపల్లి రాసిన ‘ఎ ముస్లిం కాన్‌స్పిరసీ ఇన్ బ్రిటిష్ ఇండియా?’ 2017లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. పేరు చివర ప్రశ్నార్థకం ఉంది చూడండి, సంగతంతా అందులోనే ఉంది. 1839లో దక్కన్‌లో వహాబీ కుట్ర జరుగుతోందని కంపెనీ అధికారులు నమ్మారు. నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను, నెల్లూరు వైపు ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను, మన కర్నూలు నవాబును ఆ అనుమానంతోనే పట్టుకున్నారు. ఆ అనుమానంలో నిజమెంత, అధికారుల గాభరా ఎంత, స్థానికంగా అన్నదమ్ముల వారసత్వ గొడవలు, పగలు దీంట్లో ఎలా కలిశాయి అని ఆ పుస్తకం విచారిస్తుంది. అందులో చెప్పిందంతా ఒప్పుకోవాలని లేదు. కానీ ఏ పేజీలోని మాటైనా ఏ ఆర్కైవ్‌లో ఏ కాగితం నుంచి వచ్చిందో అడుగున రాసి ఉంటుంది. కాదనుకుంటే మీరూ పోయి ఆ కాగితం తీసి చూడొచ్చు. పరిశోధనా ఆధారాన్ని మిగతావాటి నుంచి వేరు చేసేది ఇదే.

ఒక పుస్తకం ఈ కోవదా కాదా తేల్చడానికి పది నిమిషాలు చాలు. చివరి పేజీలు ముందు తిప్పండి. నోట్సు, గ్రంథాల జాబితా ఉన్నాయా? ఉంటే అందులో ఆర్కైవ్‌ల పేర్లు, ఫైలు నంబర్లు ఉన్నాయా, లేక నాలుగు పాత పుస్తకాల పేర్లేనా? ప్రచురణకర్త యూనివర్సిటీ ప్రెస్సా, పేరున్న విద్యా ప్రచురణ సంస్థా, లేక రచయితే డబ్బిచ్చి అచ్చు వేయించుకున్నదా? రచయిత పేరుతో వెతికితే ఇంకేం రాశారు, ఎక్కడ పాఠం చెప్తున్నారు? చివరగా ఆ పుస్తకం పేరు, దాని పక్కన ‘రివ్యూ’ అనే మాట కొట్టి చూడండి. పరిశోధనా పత్రికల్లో వేరే చరిత్రకారులు దాన్ని మెచ్చుకున్నారో, ఎక్కడ తప్పు పట్టారో తెలుస్తుంది. తప్పు పట్టిన రివ్యూ ఒకటి చదివితే పుస్తకంలో ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలిసిపోతుంది.

మరి మన తెలుగు పుస్తకాలో? స్వాతంత్ర్య పోరాటంలో ముస్లింల పాత్ర గురించి తెలుగులో సయ్యద్ నశీర్ అహమ్మద్ లాంటి రచయితలు ఏళ్ల తరబడి శ్రమించి రాశారు. ఆ పుస్తకాలు లేకపోతే చాలామంది పేర్లు ఈ తరం పిల్లలకు తెలిసేవే కావు. ఇలాంటివి సాధారణ పాఠకుల కోసం రాసినవి. పరిశోధన చేసే విద్యార్థి వాటిని తలుపులా వాడుకోవాలి. అక్కడ పేరు, సంవత్సరం, ఊరు పట్టుకుని, వెనక ఇచ్చిన పుస్తకాల పట్టీ నుంచి ముందుకు నడవాలి. తలుపు దగ్గరే కూర్చుండిపోతే లాభం లేదు.

అక్షరాల చిక్కు

‘ఎంత వెతికినా ఏమీ దొరకలేదు’ అనే పిల్లలు నిజానికి ఒకే స్పెల్లింగుతో వెతికి ఉంటారు. మన ప్రాంతానికి ఇది పెద్ద శాపం.

కడపను 2005 దాకా ఇంగ్లీషులో రెండు ‘డీ’లతో, చివర ‘హెచ్’తో కడ్డపా అని రాసేవాళ్లు. ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే అంతకు ముందరి రెండొందల ఏళ్ల రాతంతా తప్పిపోతుంది. ఉర్దూలో కడప రాసేటప్పుడు ‘రే’ మీద చిన్న ‘తోయ్’ గుర్తు పెట్టాలి. పాత పారసీ రాతలో ఆ గుర్తు ఉండదు, దాంతో అది ‘కర్పా’ అయి కూర్చుంటుంది. ఇంగ్లీషు వాళ్లు దాన్నీ అలాగే దించుకున్నారు. కర్నూలు తెలుగులో కందనవోలు, నవాబుల పారసీ కాగితాల్లో ఖమర్‌నగర్. కర్నూలు పక్కన నవాబు పట్టుబడ్డ జోహరాపురం కంపెనీ రాతల్లో జోరాపూర్. నవాబు పేరు సంగతైతే చెప్పనక్కర్లేదు. గులాంలో ‘యూ’ బదులు ‘ఓ’, రసూల్‌లో ఒక ‘ఎస్’ లేదా రెండు, చివర ఒక ‘యూ’ లేదా రెండు ‘ఓ’లు. నోటుబుక్కులో మొదటి పేజీ మీద ఈ రూపాలన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టి చూడాల్సిందే.

ప్రాంతం పేరూ అంతే. ‘రాయలసీమ’ అనే పేరు 1928లో నంద్యాల సభ తర్వాత వాడుకలోకి వచ్చింది. 19వ శతాబ్దపు కాగితాల్లో ఆ మాట కోసం ఎంత వెతికినా దొరకదు. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలు గనుక అప్పట్లో దత్త మండలాలు, ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్. కులాల మీద, వృత్తుల మీద రాసేవాళ్లకూ ఇదే తిప్పలు. దూదేకుల అని వెతికితే కొన్ని, నూర్‌బాషా అంటే కొన్ని, పింజారి అంటే మరికొన్ని, లద్దాఫ్ అంటే ఇంకొన్ని వస్తాయి. ఎస్.ఏ.ఏ. సాహెబ్ 2003లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో దూదేకుల ముస్లింల మీద రాసిన వ్యాసం ఈ విషయంలో చాలామంది మొదలుపెట్టే చోటు. ఆ ఒక్క వ్యాసం దొరికితే గూగుల్ స్కాలర్‌లో దాని కింద ‘సైటెడ్ బై’ అనేది నొక్కితే తర్వాత ఎవరెవరు దాన్ని వాడుకున్నారో తెలుస్తుంది. వెనక పట్టీ పాతకాలానికి తీసుకుపోతుంది, సైటెడ్ బై ఇప్పటికి తీసుకొస్తుంది.

పీర్ల పండగ గురించి రాసేవాళ్లకు అఫ్సర్ మహమ్మద్ పుస్తకం ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ ఉంది. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయప్ప పండగ మీద ఊళ్లో ఉండి చేసిన పని అది. రచయిత తెలుగు కవి కూడా. పెద్ద ప్రెస్ వేసిన పుస్తకం అంటే ఎక్కడో దూరం వాళ్లు రాసిందే అనుకునేవాళ్లు దీన్ని ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.

ఒక పేరు, ఇద్దరు మనుషులు

కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ పెట్టారు. ఈ అబ్దుల్ హఖ్ కర్నూలు మనిషి. 1947లో ఇక్కడ ఉస్మానియా కాలేజీ పెట్టించిన విద్యావేత్త. ఇంటర్నెట్‌లో ఆ పేరు కొడితే ముందు వచ్చేది మాత్రం బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్. ఆయన 1870లో ఉత్తర భారతంలోని హాపూర్ దగ్గర పుట్టారు, అంజుమన్ తరఖ్ఖీ-ఎ-ఉర్దూను నడిపారు, 1961లో కరాచీలో వఫాత్ అయ్యారు. ఆయన్నీ డాక్టర్ అని రాయడం ఉంది. ఆయన హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూ శాఖ చూశారు, ఈయన కర్నూలు ఉస్మానియా కాలేజీ పెట్టించారు. పేరు ఒకటే, ఉస్మానియా ఒకటే, ఉర్దూ ఒకటే. ఇక కలిసిపోవడానికి ఏం కావాలి?

యూనివర్సిటీ గురించి వ్యాసం రాసే పిల్లలు బాబా-ఎ-ఉర్దూ ఫోటో పెట్టి, ఆయన జీవితం దించి, కింద కర్నూలు కాలేజీ కలిపేస్తే ఒక తప్పు మనిషి పుడతాడు. దాన్ని ఇంకొకరు కాపీ చేస్తారు. మూడు చోట్ల కనిపించేసరికి నాలుగోవాడు ‘మూడు ఆధారాలున్నాయి’ అంటాడు. అవి మూడు కాదు, ఒకటే, మూడుసార్లు అచ్చైంది. ఆధారాలు లెక్కపెట్టేటప్పుడు ఒకదాని నుంచి ఒకటి పుట్టినవాటిని విడిగా లెక్కపెట్టకూడదు. దీన్నుంచి బయటపడే దారి తేలికే. పుట్టిన ఊరు, పోయిన సంవత్సరం, పని చేసిన చోటు, ఈ మూడూ రెండు విడివిడి ఆధారాల్లో సరిపోతున్నాయా అని చూడాలి. కాలేజీ పాత సావనీర్లు, ఆనాటి పత్రికలు, యూనివర్సిటీ ఏర్పాటు చట్టం లాంటివి ఇందుకు అక్కరకొస్తాయి.

కడపలో బ్రౌన్ ఇంటి దగ్గర

కడప విద్యార్థులకు ఒక అదృష్టం ఉంది, పక్కనే ఉందని పట్టించుకోరు. 1820లో కడపకు వచ్చి ఎర్రముక్కపల్లెలో బంగళా కొనుక్కుని తెలుగు తాళపత్రాలు పోగుచేయించిన సి.పి. బ్రౌన్ పేరు మీద, ఆ బంగళా స్థలంలోనే గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో అది నిలబడింది. ఇప్పుడు యోగి వేమన యూనివర్సిటీ కింద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. పాత తెలుగు పత్రికలు, స్థానిక చరిత్ర పుస్తకాలు అక్కడ దొరుకుతాయి.

ఆ కేంద్రం అచ్చు వేసిన కడప జిల్లా కైఫియత్తులు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు 1821లో చనిపోయేలోగా తన కింద పనిచేసే మన తెలుగువాళ్లతో ఊరూరా తిప్పించి కరణాల దగ్గర, పెద్దల దగ్గర ఊరి చరిత్రలు రాయించాడు. అవే కైఫియత్తులు. మసీదు ఎవరు కట్టించారు, ఇనాం ఎవరు ఇచ్చారు, ఏ నవాబు దాన్ని నిలిపాడు, ఏ పాలెగాడు కొల్లగొట్టాడు, అన్నీ ఉంటాయి. సిద్ధవటం, గండికోట లాంటి చోట్ల గురించి రాసేవాళ్లకు ఇది నిధి. కానీ చెప్పిన కరణానికి కూడా తన ఇనాం కాపాడుకోవాలన్న అవసరం ఉండి ఉండొచ్చు. ఐదొందల ఏళ్ల కిందటి సంగతి అతను విన్నదే గానీ చూసింది కాదు. తన కాలం గురించి కైఫియత్తు చెప్పేదానికి ఒక బరువు, విజయనగరం రాజుల గురించి చెప్పేదానికి ఇంకో బరువు.

దర్గాల మీద, మసీదుల మీద రాసేవాళ్లు శాసనాలను మరవకూడదు. అరబ్బీ, పారసీ శాసనాల కోసం భారత పురావస్తు శాఖ ఎపిగ్రాఫియా ఇండికాకు విడిగా ఒక అనుబంధం అచ్చువేసింది. రాతి మీద హిజ్రీ సంవత్సరం ఉంటే దాన్ని మామూలు సంవత్సరంలోకి మార్చేటప్పుడు ఏడాది అటూ ఇటూ అవుతుందని గుర్తుంచుకోవాలి. హిజ్రీ ఏడాది సుమారు 11 రోజులు చిన్నది, అందుకే ఒక హిజ్రీ సంవత్సరం ఎక్కువగా రెండు ఇంగ్లీషు సంవత్సరాల మీద పడుతుంది.

డబ్బులు కట్టించుకునే జర్నళ్లు

ఇక్కడ నష్టం మార్కులతో ఆగదు, ఇంటి డబ్బు కూడా పోతుంది. పీహెచ్‌డీ చేసే పిల్లలకు, లెక్చరర్ ఉద్యోగం చూసుకునేవాళ్లకు ఈమెయిల్ వస్తుంది. ‘మీ పేపర్ మూడు రోజుల్లో వేస్తాం, ఫీజు ఇంత, సర్టిఫికెట్ కూడా ఇస్తాం.’ అమ్మీ బంగారం కుదువ పెట్టి కట్టినా సరే, అక్కడ అచ్చైన పేపరుకు విలువ సున్నా. ఒక్కోసారి అది బయోడేటాలో మచ్చ కూడా.

ఇవి ఎంత నిర్లక్ష్యంగా నడుస్తాయో 2013లో సైన్స్ పత్రిక బయటపెట్టింది. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కావాలనే తప్పులు పెట్టిన ఒక నకిలీ పేపర్‌ను 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు ఒప్పుకున్నాయి. మన దేశంలో యూజీసీ కూడా 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను ఒక్కసారిగా తీసేసింది. ఆ తర్వాత యూజీసీ-కేర్ అనే జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసింది. జర్నల్ మంచిదో కాదో చూసుకునే పని ఇప్పుడు విద్యాసంస్థల మీద, రాసేవాళ్ల మీద పడింది. కాబట్టి ‘మాది యూజీసీ-కేర్ జర్నల్’ అని ఇప్పటికీ మెయిల్ పెట్టేవాళ్లు పాత కరపత్రం పంచుతున్నట్టే. ఇంకో సంగతి చాలా ఇళ్లకు తెలియదు. 2022 నవంబరు పీహెచ్‌డీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ అచ్చై ఉండాలన్న షరతును యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా ఏమైనా పెట్టుకుందేమో అడిగి తెలుసుకోండి. అడగకుండా డబ్బులు కట్టొద్దు.

దొంగ జర్నల్‌ను పట్టడానికి కొన్ని గుర్తులు. ఐఎస్ఎస్ఎన్ నంబర్ ఉందని గొప్పగా చెప్తే మోసపోవద్దు. అది పత్రికకు గుర్తింపు నంబర్ మాత్రమే, బండికి నంబర్ ప్లేటు ఉన్నట్టు. డ్రైవరు మంచివాడని దానర్థం కాదు. ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ అని పెద్ద అంకె వేస్తే అది క్లారివేట్ సంస్థ ఇచ్చిందేనా చూడాలి. దాన్ని పోలిన పేర్లతో అంకెలు అమ్మేవాళ్లున్నారు. సంపాదక వర్గంలో పేరున్న ప్రొఫెసర్లు కనిపిస్తే వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఆ జర్నల్ ప్రస్తావన ఉందా? చరిత్ర, హోమియోపతి, సివిల్ ఇంజనీరింగ్ మూడూ ఒకే సంచికలో వేస్తున్నారా? మూడు రోజుల్లో పీర్ రివ్యూ అయిపోతుందా? మంచి జర్నల్‌లో నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. ఫీజు అడిగే ప్రతి జర్నల్ దొంగది కాదు. అందరికీ ఉచితంగా చదవనిచ్చే మంచి జర్నళ్లు కొన్ని రచయిత దగ్గర ఫీజు తీసుకుంటాయి. అవి సాధారణంగా డీఓఏజే అనే జాబితాలో ఉంటాయి, ఫీజు ఎంతో ముందే చెప్తాయి, మాఫీ అడిగే వీలూ ఇస్తాయి.

ఇవన్నీ రాయడానికే కాదు, చదవడానికీ వర్తిస్తాయి. ఇలాంటి చోట అచ్చైన పేపర్‌ను మీ ప్రాజెక్టులో ఆధారంగా చూపిస్తే దాని తప్పు మీ తప్పవుతుంది.

డబ్బు లేకుండా చదవడం

మంచి వ్యాసాలు దొరికినా డాలర్లు అడుగుతాయి, నిజమే. కట్టనక్కర్లేదు. 2025 జనవరి నుంచి కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ నడుపుతోంది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకు తెరిచారు. మూడేళ్లకు 6,000 కోట్లు కేటాయించారు. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు, ప్రభుత్వ కాలేజీలు దీని కిందికే వస్తాయి. రాయలసీమ యూనివర్సిటీలోనో, యోగి వేమనలోనో, ఉర్దూ యూనివర్సిటీలోనో చదివే పిల్లలు లైబ్రేరియన్ దగ్గరకు పోయి లాగిన్ ఎలాగో అడగాలి. అడగడానికి సిగ్గుపడి, తమ కోసం సర్కారు కట్టిన డబ్బును వదులుకునేవాళ్లే ఎక్కువ. ఎయిడెడ్ కాలేజీల వాళ్లు ఎన్-లిస్ట్ గురించి అడగాలి.

జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా తెర మీద చదువుకోవచ్చు. ఈపీడబ్ల్యూ పాత సంచికలు అందులో ఉన్నాయి. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు లక్షల సంఖ్యలో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల శోధ్‌గంగలో ఉచితం. రాయలసీమ చరిత్ర మీద శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీల పేర్లు పెట్టి వెతకండి. థీసిస్‌ను పరీక్షకులు చూస్తారు గానీ అన్నీ ఒకే నాణ్యత కాదు. చివరి పట్టీ చూస్తేనే తెలిసిపోతుంది, ఆర్కైవ్‌కు పోయినవాళ్లెవరో, పోనివాళ్లెవరో. ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా వెబ్‌సైట్ పెద్ద అండ. హైదరాబాద్‌లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగుతో పాటు అరబ్బీ, పారసీ, ఉర్దూ రాతప్రతులున్నాయి. ఉర్దూ చదవగలిగిన తెలుగు విద్యార్థికి ఇక్కడ వేరేవాళ్లకు లేని బలం ఉంది. ఒకే సంఘటన మీద తెలుగు కైఫియత్తు, ఉర్దూ తారీఖ్, ఇంగ్లీషు గెజిటీర్ మూడూ పక్కపక్కన పెట్టి చదవగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? పారసీ రాకపోతే ఊళ్లో మదరసా ఉస్తాద్‌ను అడగొచ్చు. ఒక పేజీ చదివి పెట్టమంటే కాదనేవాళ్లు అరుదు.

ఫోన్‌లో ఏఐని అడిగితే క్షణంలో ఐదు పుస్తకాల పేర్లు ఇస్తుంది. అందులో రెండు పుట్టనే పుట్టకపోవచ్చు. రచయిత నిజం, జర్నల్ నిజం, వ్యాసం మాత్రం కల్పన. అందుకని ప్రతిదానికీ డీఓఐ అడగండి. అది 10తో మొదలయ్యే నంబర్. డీఓఐ వెబ్‌సైట్‌లో దాన్ని కొడితే ఆ వ్యాసమే తెరుచుకోవాలి. తెరుచుకోకపోయినా, వేరే వ్యాసం తెరుచుకున్నా కొట్టేయండి. పాత పుస్తకాలకు డీఓఐ ఉండదు కాబట్టి వాటిని వరల్డ్‌క్యాట్ లాంటి లైబ్రరీ జాబితాల్లో వెతకాలి.

ఇంట్లో పెట్టెలోని కాగితాలు

కర్నూలు పాతబస్తీలో, కడప పెద్ద దర్గా చుట్టుపక్కల, ఆదోని, ప్రొద్దుటూరులలో ఇంకా కొన్ని ఇళ్లలో పాత సనదులు, ఇనాం పత్రాలు, నికాహ్ దస్తావేజులు, ఉత్తరాలు ఉన్నాయి. చెదలు తినేలోగా వాటిని ఫోటో తీసి పెట్టుకోవాలి. రెండు వైపులా, ముద్ర కనబడేలా, పక్కన స్కేలు పెట్టి తీయాలి. ఎవరింట్లో, ఏ తేదీన తీశారో అప్పుడే రాసుకోవాలి. లామినేషన్ చేయించొద్దు, కాగితం పాడవుతుంది. నానీ, దాదా చెప్పే మాట కూడా ఆధారమే. కానీ వాళ్ల అనుమతితో రికార్డు చేసి, వాళ్ల పేరు, వయసు, ఊరు, తేదీ రాస్తేనే. ‘పెద్దలు చెప్తారు’ అని రాస్తే ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు. వాళ్లు తాము చూసింది చెప్తున్నారా, తమ అబ్బా దగ్గర విన్నది చెప్తున్నారా అని అక్కడికక్కడే అడిగి అది కూడా రాసుకోవాలి.

ఆర్కైవ్‌కు పోయేవాళ్లు గైడ్ సంతకంతో, కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ లేఖ తీసుకుపోవాలి. ఆధార్, ఫోటోలు, పెన్సిల్ కూడా. చాలా చోట్ల రాతప్రతుల దగ్గర పెన్ను రానివ్వరు. ఏ విభాగం, ఏ సంవత్సరం, ఏ సంపుటి కావాలో ముందే రాసుకుని పోతే పని తేలికవుతుంది. ఆ నంబర్లు మల్లంపల్లి లాంటివాళ్ల పుస్తకాల నోట్సులోనే ఉంటాయి. కాగితం చేతికి రాగానే ముందు ఫైలు నంబర్, తేదీ, పేజీ నోటుబుక్కులో రాసుకోవాలి, ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాలి. సాయంత్రం కౌంటర్ మూసే వేళకు హడావుడిలో మరిచిపోయేది ఆ నంబరే. అది లేకపోతే ఒక్క అంకె కోసం మళ్లీ రైలెక్కి చెన్నై పోవాలి.